పేస్టు కొనేముందు ట్యూబు వెనక్కి తిప్పండి: మీ పళ్ళకు సరిపోయేది ఎంచుకోవడం ఎలా?

పేస్టుల అర ముందు నిలబడితే ఎవరికైనా తికమకే. ఒకటి తెల్లదనం అంటుంది, ఇంకొకటి చిగుళ్ళకు బలం అంటుంది, పక్కనే హెర్బల్, ఆ పక్కన చార్‌కోల్. ఇవన్నీ ట్యూబు ముందువైపు రాసే మాటలు. నేను చాలా ఏళ్ళు ఆ మాటలు చూసే కొన్నాను. పళ్ళు తెల్లబడతాయని రాసిన పేస్టు ఒకటి పట్టుకుని, గట్టి కుచ్చు బ్రష్షుతో నాలుగేళ్ళపాటు బరబరా తోమాను. ఒకరోజు చల్లటి నీళ్ళు తాగుతుంటే ఎడమవైపు పై పన్ను జివ్వుమని ప్రాణం పోయినంత పనైంది. పుచ్చిపోయిందేమోనని భయపడుతూ డెంటిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చేతికి అద్దం ఇచ్చి చూడమన్నారు. చిగురుకు ఆనుకుని పన్ను మీద అడ్డంగా ఒక సన్నటి గాడి ఉంది, గోరు పెడితే తగులుతోంది. "ఇది పుచ్చు కాదండీ, తోమి తోమి మీరే అరగదీసుకున్నారు" అన్నారు.

పంటి గట్టి పైపొరను ఎనామిల్ అంటారు. అరిగిపోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. ఆ సంగతి తెలిశాక ట్యూబు వెనకవైపు చదవకుండా నేను పేస్టు కొనలేదు. మీకు కూడా ఆ అలవాటు చేయించాలన్నదే నా ఆశ.

ముందు మీ నోరు చూసుకోండి

షాపుకు వెళ్ళే ముందు ఇంట్లోనే ఐదు నిమిషాలు కేటాయించండి. మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి పెదవులు పైకెత్తి చూడండి. చిగుళ్ళు గులాబి రంగులో గట్టిగా ఉన్నాయా, ఎర్రగా ఉబ్బి ఉన్నాయా? ఉమ్మితే నెత్తురు కనబడుతోందా? కింది ముందుపళ్ళ లోపలివైపు నాలుకతో తడిమితే గరుకుగా గార తగులుతోందా? చల్లనివి, తియ్యనివి తగిలితే పళ్ళు జిల్లుమంటున్నాయా? ఒక్క పన్నుకేనా, అన్నిటికీనా? గత రెండు మూడేళ్ళలో కొత్తగా పళ్ళు పుచ్చి ఫిల్లింగ్ చేయించుకున్నారా? నోరు తరచూ ఎండిపోతోందా?

వీటి జవాబులే మీ పేస్టును నిర్ణయిస్తాయి. ఏ ఇబ్బందీ లేకపోతే మీకు కావలసింది చాలా మామూలు పేస్టు. ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను: పళ్ళు బాగున్నవాళ్ళకు స్పెషల్ పేస్టులు అక్కర్లేదు.

వెనకవైపు మొదట వెతకాల్సింది ఫ్లోరైడ్

మన నోట్లోని బ్యాక్టీరియా తీపినీ పిండిపదార్థాలనూ తిని ఆమ్లం వదులుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది. నోట్లో అది దాదాపు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి వస్తాయి. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచేసి, పోయిన ఖనిజాన్ని మళ్ళీ పన్నులోకి చేరుస్తుంది. పోవడం, చేరడం రోజూ ఎన్నోసార్లు జరిగే పని. పోయేది ఎక్కువై చేరేది తక్కువైతే పన్ను పుచ్చుతుంది. ఫ్లోరైడ్ ఈ తక్కెడను మనవైపు మొగ్గేలా చేస్తుంది. ఖనిజం తిరిగి చేరడాన్ని వేగం చేస్తుంది. అలా చేరిన పొర అంతకుముందు ఉన్నదానికంటే ఆమ్లాన్ని బాగా తట్టుకుంటుంది, పీహెచ్ 4.5 దగ్గరికి పడిపోతే గానీ కరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అందుకే ఫ్లోరైడ్ లేని పేస్టును, దాని మీద ఎంత అందమైన ఆకు బొమ్మ ఉన్నా, నేను తిరిగి అరలోనే పెట్టేస్తాను.

పెద్దవాళ్ళకు 1000 నుంచి 1500 పీపీఎం మధ్య ఉండాలి. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అని. 1000 పీపీఎం అంటే 100 గ్రాముల ట్యూబులో 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నట్టు. కొన్ని ట్యూబుల మీద ఈ అంకె నేరుగా రాస్తారు. కొన్నింటి మీద రసాయనం పేరు, దాని శాతం మాత్రమే ఉంటాయి, చాలామంది తడబడేది అక్కడే. సోడియం ఫ్లోరైడ్ 0.22% అని ఉంటే దాదాపు 1000 పీపీఎం, 0.32% అని ఉంటే దాదాపు 1450. సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అయితే 0.76% ఉంటేనే 1000 అవుతుంది, 1450 రావాలంటే 1.1% ఉండాలి. స్టానస్ ఫ్లోరైడ్ 0.454% అంటే దాదాపు 1100. శాతం పెద్దగా కనిపించింది కదా అని ఫ్లోరైడ్ ఎక్కువ ఉందనుకోకండి. ఆ శాతం మొత్తం లవణం బరువుది, అందులో ఫ్లోరైడ్ వాటా ఒక్కో దానిలో ఒక్కోలా ఉంటుంది. ఈ అంకెల్ని ఫోన్‌లో నోట్ చేసుకోండి, షాపులో పనికొస్తాయి.

ఇంకొక్క అడుగు లోపలికి వెళదాం. పేస్టులో పాచిని రుద్ది తీసే పొడి ఒకటి ఉంటుంది. చాలావాటిలో అది సిలికా, కొన్నింటిలో కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద. సోడియం ఫ్లోరైడ్‌నూ సుద్దనూ ఒకే ట్యూబులో కలిపితే కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటుంది. ట్యూబులో ఫ్లోరైడ్ ఉన్నా పంటికి అందేది తగ్గిపోతుంది. అందుకే సుద్ద వాడే పేస్టుల్లో మోనోఫ్లోరోఫాస్ఫేట్ వేస్తారు. దాంట్లో ఫ్లోరైడ్ ఫాస్ఫేట్‌తో కలిసి కట్టుబడి ఉంటుంది, నోట్లోకి వచ్చాక లాలాజలంలోని ఎంజైములు దాన్ని విడదీస్తాయి. కాబట్టి జోడీ చూసుకోండి: సోడియం ఫ్లోరైడ్ పక్కన సిలికా, కాల్షియం కార్బొనేట్ పక్కన మోనోఫ్లోరోఫాస్ఫేట్. ట్యూబులో ఏళ్ళ తరబడి ఉండిపోతే ఫ్లోరైడ్ పనితనం మెల్లగా తగ్గుతుంది గనుక గడువు తేదీ కూడా చూడండి. తక్కువకు వస్తోందని పాత స్టాకు తెచ్చుకోవద్దు.

ఫ్లోరైడ్ అంటేనే టెన్షన్ పడేవాళ్ళు ఉన్నారు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళ మీద మచ్చలు పడటం (ఫ్లోరోసిస్), ఎముకలు వంకర పోవడం గురించి విన్నవాళ్ళకు ఆ భయం సహజం. అయితే అది ఏళ్ళ తరబడి మింగిన ఫ్లోరైడ్ చేసే పని. పేస్టు పంటి పైన పనిచేస్తుంది, తర్వాత ఉమ్మేస్తాం. పళ్ళ మీద ఫ్లోరోసిస్ మచ్చలు పడేది చిగుళ్ళ లోపల పళ్ళు తయారవుతున్న వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు. వచ్చేసిన పళ్ళకు పేస్టు వల్ల ఆ మచ్చలు రావు. అయినా ఫ్లోరైడ్ వద్దే వద్దనుకునేవాళ్ళకు ఎనామిల్‌లో ఉండే ఖనిజం లాంటిదే అయిన హైడ్రాక్సీ అపటైట్ వేసిన పేస్టులున్నాయి. జపాన్‌లో వీటిని దశాబ్దాలుగా వాడుతున్నారు, ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. కానీ ఫ్లోరైడ్ వెనక ఉన్నంత సుదీర్ఘమైన అనుభవం వీటి వెనక లేదు.

తెల్లదనం పేరుతో పన్ను అరగకూడదు

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే కాబట్టి కాస్త గట్టిగా చెబుతాను. పేస్టు పంటిని ఎంత అరగదీస్తుందో కొలిచే లెక్కకు ఆర్‌డీఏ అని పేరు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది 250 దాటకూడదు. చిగుళ్ళు కిందికి జారినవాళ్ళు, పళ్ళు జిల్లుమనేవాళ్ళు 70 లోపు ఉన్నది వాడుకుంటే మంచిది. చిక్కేమిటంటే ఈ అంకె ట్యూబు మీద సాధారణంగా ఉండదు. కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి, లేకపోతే కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి అడగండి. అదీ కుదరకపోతే ఒక బండ గుర్తు: తెల్లదనం, మరకలు పోగొట్టడం అని రాసినవి ఎక్కువ గరుకుగా, సెన్సిటివ్ అని రాసినవి తక్కువ గరుకుగా ఉండే అవకాశం ఎక్కువ.

తెల్లబరిచే పేస్టు చేసేది పైమరకలు తీయడం వరకే. పంటి సొంత రంగును అది మార్చలేదు. పైగా వయసుతోపాటు ఎనామిల్ పలచబడి దాని కింద ఉండే డెంటిన్ అనే పొర పసుపు బయటికి కనిపిస్తుంది. తెల్లగా రావాలని ఇంకా గట్టిగా తోమితే ఇంకా అరుగుతుంది, ఇంకా పసుపు తేలుతుంది. నేను ఆ ఉచ్చులోనే పడ్డాను. డెంటిన్ ఎనామిల్ కంటే బాగా మెత్తన. చిగురు జారి వేరు బయటపడ్డ చోట ఎనామిల్ ఉండదు కనుక అక్కడ గాడి పడటానికి ఎక్కువ కాలం పట్టదు. చార్‌కోల్ పేస్టులు విషాలను లాగేస్తాయని చెప్పుకునే మాటకు సరైన ఆధారం లేదు. చాలావాటిలో ఫ్లోరైడ్ కూడా ఉండదు. వాటి జోలికి వెళ్ళకండి.

పేస్టుతోపాటు బ్రష్షు కూడా మెత్తనిదే తీసుకోండి. పెన్సిల్ పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకుంటే చెయ్యి దానంతటదే తేలికవుతుంది.

మీ ఇబ్బందిని బట్టి

పళ్ళు జిల్లుమంటుంటే పదార్థాల జాబితాలో పొటాషియం నైట్రేట్ 5% ఉందేమో చూడండి. అది పంటిలోని నరాన్ని నెమ్మదింపజేస్తుంది. స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినిన్, కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ వేరే దారిలో పనిచేస్తాయి, డెంటిన్‌లో నరం వరకు వెళ్ళే సన్నటి గొట్టాల మూతులు మూసేస్తాయి. ఏదైనా రోజుకు రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడితేనే తేడా తెలుస్తుంది. మూడు రోజులు వాడి పనిచేయలేదని పక్కన పడేయకండి. సెన్సిటివ్ పేస్టులు కొన్నింటిలో ఫ్లోరైడ్ ఉండదు, అది ఉందో లేదో కూడా చూసుకోండి. ఒకే పన్ను నొప్పి పెడుతూ, చల్లటిది తీసేశాక కూడా సలుపు ఆగకపోతే అది పేస్టుతో తీరేది కాదు. పుచ్చో పగులో ఉండవచ్చు.

చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తే చాలామంది ఆ చోట తోమడం మానేస్తారు. నెత్తురు వచ్చేది ఎక్కువగా అక్కడ పాచి పేరుకోవడం వల్లే, మానేస్తే ఇంకా పేరుకుంటుంది. స్టానస్ ఫ్లోరైడ్ గానీ జింకు లవణాలు గానీ ఉన్న పేస్టు కొంత సాయపడుతుంది. అయితే అసలు పని బ్రష్షుదే, పళ్ళ సందులు శుభ్రం చేసే దారానిదే (ఫ్లాస్). ఇక గార విషయం. జింకు సిట్రేట్, పైరోఫాస్ఫేట్ ఉన్న పేస్టులు కొత్త గార కట్టడాన్ని తగ్గిస్తాయి. ఇప్పటికే రాయిలా గట్టిపడ్డదాన్ని ఏ పేస్టూ తీయలేదు, డెంటిస్టు దగ్గర క్లీనింగ్ చేయించుకోవాల్సిందే.

నోట్లో తరచూ పుండ్లు వస్తుంటే ఒకసారి ఎస్‌ఎల్‌ఎస్ లేని పేస్టుకు మారి చూడండి. సోడియం లారిల్ సల్ఫేట్ అన్నది నురగ కోసం వేసే పదార్థం. అందరికీ పడకపోదు, కొందరికి మాత్రం నోటి లోపలి పొరను రేపుతుంది. నురగ తక్కువైతే శుభ్రం తక్కువైనట్టు కాదు.

మందుల వల్లో జబ్బు వల్లో నోరు ఎండిపోతున్నవాళ్ళకు, ఎప్పుడూ ఏదో ఒక పన్ను పుచ్చుతున్నవాళ్ళకు 5000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టులు ఉంటాయి. అవి డెంటిస్టు రాసిస్తేనే వాడాలి. పిల్లలకు అందనివ్వకూడదు.

భద్రత కోసం చూడాల్సినవి

2007లో గ్లిజరిన్‌కు బదులు డైఎథిలిన్ గ్లైకాల్ కలిపిన పేస్టులు పనామా సహా కొన్ని దేశాల్లో బయటపడ్డాయి. అది కిడ్నీలను దెబ్బతీసే విషం. అప్పటి పాఠం ఇప్పటికీ వర్తిస్తుంది: తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని పేస్టు కొనవద్దు. పేరులో అక్షరం తేడాగా ఉన్నా, అచ్చు మసకగా ఉన్నా, మూత కింద సీలు విరిగి ఉన్నా వదిలేయండి. పదార్థాల జాబితాలో చక్కెర ఉండకూడదు. సార్బిటాల్, జైలిటాల్ తియ్యగా ఉన్నా పళ్ళను పుచ్చబెట్టవు, వాటికి భయపడక్కర్లేదు. పొగాకు కలిపిన పళ్ళ పొడిని, పేస్టును ఇంట్లోకే రానివ్వకండి. ట్రైక్లోసాన్ ఉంటే నేను కొనను. 2016లో అమెరికా ఎఫ్‌డీఏ హ్యాండ్‌వాష్ సబ్బుల్లోంచి దాన్ని తీసేయమంది, అది లేకుండా దొరికే మంచి పేస్టులు బోలెడు.

ట్యూబు అడుగున ఉండే పచ్చ, ఎరుపు, నలుపు గీతల గురించి అందరికీ మెసేజులు వచ్చే ఉంటాయి. పచ్చ అయితే సహజం, నలుపు అయితే రసాయనం అని. అది నిజం కాదు. ట్యూబును ఎక్కడ కోయాలో, ఎక్కడ అతికించాలో మిషన్ గుర్తుపట్టడానికి వేసే గీత అది.

పిల్లలకు ఎంచుకునేటప్పుడు

మొదటి పన్ను వచ్చిన రోజు నుంచే తోమాలి. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత. 1000 పీపీఎం పేస్టు అయితే బియ్యపు గింజలో ఉండేది దాదాపు 0.1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్, బఠాణీ గింజలో దాదాపు 0.25. పిల్లలు కాస్త మింగినా ఈ మోతాదుకు కంగారు పడనక్కర్లేదు. అదే ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు నిండా పరిచి రోజూ మింగనిస్తే ఫ్లోరోసిస్ మచ్చలు వచ్చే వీలుంది. పిల్లల పేస్టు అని 500 పీపీఎం లేదా అసలు ఫ్లోరైడ్ లేనివి అమ్ముతుంటారు. 1000 కంటే తక్కువ ఉన్నవి పుచ్చును ఆపుతాయన్న ఆధారం బలహీనం. కాబట్టి ఫ్లోరైడ్ తగ్గించడం కంటే పేస్టు పరిమాణం తగ్గించడమే సరైన దారి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటే ప్రాంతంలో ఉంటే మాత్రం పిల్లల పేస్టు సంగతి డెంటిస్టును అడిగే నిర్ణయించుకోండి.

పేస్టు వేసేది పెద్దవాళ్ళే కావాలి. ట్యూబును ఎత్తులో, పిల్లల చేతికందని చోట పెట్టండి. ఫ్లోరైడ్ శరీర బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు ఒకేసారి కడుపులోకి వెళితే ప్రమాదంగా లెక్కిస్తారు. పది కిలోల పాపకు అది 50 మిల్లీగ్రాములు, అంటే 1000 పీపీఎం ఉన్న 100 గ్రాముల ట్యూబులో సగం. స్ట్రాబెర్రీ రుచి, చాక్లెట్ వాసన ఉన్న ట్యూబు పాప చేతిలో పెడితే అది తినే వస్తువనుకోవడంలో పాప తప్పేముంది? ఎక్కువ తినేసిందని అనుమానం వస్తే, వాంతులు అయ్యేదాకా ఆగకుండా ట్యూబు వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

తెచ్చిన పేస్టు పనిచేయాలంటే

పెద్దవాళ్ళకు కూడా బఠాణీ గింజంత చాలు. రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు, రెండోది పడుకునే ముందు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పళ్ళకు కాపలా లేని సమయం అది. అప్పుడు పంటి మీద ఫ్లోరైడ్ ఉండాలి. పుల్లటివి తిన్నా తాగినా, వాంతి అయినా నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగి తోమండి. ఆమ్లానికి మెత్తబడ్డ ఎనామిల్ మీద వెంటనే బ్రష్షు పెడితే అరుగుతుంది.

తోమాక నురగ ఉమ్మేయండి, నీళ్ళతో పుక్కిలించకండి. నాకు ఇది అలవాటవడానికి రెండు వారాలు పట్టింది, మొదట్లో నోరంతా ఏదోలా ఉంటుంది. కానీ ఇంత చూసి కొన్న ఫ్లోరైడ్‌ను గ్లాసుడు నీళ్ళతో కడిగేస్తే ఏం మిగులుతుంది? మౌత్‌వాష్ వాడేవాళ్ళు దాన్ని వేరే వేళకు మార్చుకోండి.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా రెండు వారాలు దాటిన పుండు, తగ్గని నెత్తురు, కదులుతున్న పన్ను, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే ఇంకో పేస్టు కొని చూడకండి, డెంటిస్టుకు చూపించండి. వెళ్ళేటప్పుడు మీరు వాడే పేస్టు, బ్రష్షు రెండూ సంచిలో వేసుకెళ్ళండి. నేను రెండోసారి అలాగే తీసుకెళ్ళాను. ఆవిడ ట్యూబు వెనకవైపు చదివి ఇది చాలన్నారు. బ్రష్షు మాత్రం వేలితో ఒకసారి దువ్వి చూసి, అక్కడే చెత్తబుట్టలో వేసి, మెత్తనిది కొనుక్కోమన్నారు.